శనివారం నీళ్ళు

ఆ జంతువును నేను ప్రాణంతో ఎప్పుడూ చూడలేదు. దాని రక్తంతో మాత్రం చాలా ఏళ్ళు పనిచేశాను.

తెలుగులో దానికి పేరుందో లేదో నాకు తెలియదు. ఇంగ్లీషువాళ్ళు గుర్రపు లాడంతో పోల్చి పిలుస్తారు కాబట్టి ఇంట్లో నేనూ మావారూ లాడంపీత అనుకునేవాళ్ళం. నిజానికి అది పీత కాదు, తేలుకీ సాలీడుకీ దగ్గర బంధువు. బోర్లించిన మూకుడు లాంటి డొప్ప, వెనక పొడుగాటి ముల్లు లాంటి తోక. అమెరికా తూర్పు తీరంలో ఎండలు మొదలయ్యే రోజుల్లో గుడ్లు పెట్టడానికి గుంపులుగా ఒడ్డుకు వస్తుంది. అప్పుడు పట్టుకుని, గుండె దగ్గర సూది గుచ్చి, కొంత రక్తం తీసుకుని తిరిగి సముద్రంలో వదిలేస్తారు. వదిలినవన్నీ బతకవు. ఆ రక్తం గాలి తగిలితే నీలంగా మారుతుంది. నీలిరక్తం అనగానే రాసేవాళ్ళకు చేయి ఊరుకోదు. మన రక్తంలో ఇనుము చేసే పని దాని రక్తంలో రాగి చేస్తుంది, అంతే.

మన దేశంలో ఒరిస్సా తీరంలో దాని దాయాదులు ఉన్నాయని చదివాను. మేము అప్పుడు కాపురం ఉన్న ఒమాన్ తీరంలో లేవు. ఈ సంగతి చెప్పినా మావారు నమ్మేవారు కాదు. ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో శుక్రవారం సెలవునాడు మస్కట్ దాటి బర్కా వైపు వెళ్తే, ఖర్జూరం తోటలు దాటి సముద్రం ఒడ్డున వలలు దులుపుతున్న జాలరుల దగ్గర నిలబడి వెతికేవారు. "నీ అన్నదాతను ఒక్కసారి దర్శనం చేసుకుందామని" అనేవారు.

అన్నదాత అనడంలో అబద్ధం లేదు. నా ఉద్యోగం దాని రక్తం మీదే నడిచింది. కొన్ని రకాల సూక్ష్మజీవులు తన ఒంట్లోకి వస్తే ఆ జంతువు రక్తం వాటి చుట్టూ గడ్డకట్టేస్తుంది. ప్రాణంతో ఉన్న క్రిములే కానక్కరలేదు, చచ్చిన క్రిముల పైపొర చాలు. ఆ పైపొరే మనిషి రక్తంలోకి వెళ్తే చలి, వణుకు, జ్వరం తెప్పిస్తుంది. ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. నీళ్ళు మరగబెడితే క్రిములు చస్తాయి కానీ ఈ పొర చావదు. నోటితో తాగే నీళ్ళకు ఫరవాలేదు. నరంలోకి వెళ్ళే నీళ్ళకు ఫరవా ఉంది. ఇది తేలాక, సెలైన్ సీసాలోనో ఇంజెక్షన్‌లోనో ఆ విషం ఉందా లేదా చూడడానికి శాస్త్రజ్ఞులు లాడంపీత రక్తకణాల నుంచి ఒక మందు తయారుచేశారు.

అంతకుముందు ఆ పని కుందేళ్ళు చేసేవి. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక సెలైన్ ఫ్యాక్టరీలో నేను చేసింది అదే. కుందేలును మెడ దగ్గర చెక్కలో బిగించి, చెవి నరంలోకి సీసాలోని ద్రవం ఎక్కించి, దానికి జ్వరం వస్తుందేమోనని పూటంతా కనిపెట్టుకుని కూర్చోవాలి. మస్కట్ వచ్చి, ఖురంలో సెలైన్ దిగుమతి చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో చేరినప్పుడు ఫ్రిజ్‌లో ఆ మందు సీసాలు చూసి నాకు నిజంగా తేలికగా అనిపించింది. ఇంక కుందేళ్ళ కళ్ళలోకి చూడక్కరలేదు. సముద్రం అవతల ఎవరో ఇంకో జంతువు కళ్ళలోకి చూస్తారు. ఆ కళ్ళ నరాల మీద కూడా ఎంతో పరిశోధన జరిగిందని, మనిషి కంటిచూపు గురించి తెలిసినదాంట్లో కొంత దాని చలవేనని తర్వాత చదివాను. మనుషులకు అన్ని విధాలా పనికివచ్చింది పాపం.

పరీక్ష చాలా చిన్నది. వేలెడు గాజు గొట్టంలో ఆ మందు రెండు చుక్కలు, పరీక్షించాల్సిన నీళ్ళు రెండు చుక్కలు. మనిషి ఒంటి వేడి ఉన్న తొట్టిలో గంటసేపు కదపకుండా నిలబెట్టాలి. తర్వాత తీసి తలకిందులు చేయాలి. జారిపోతే మంచి నీళ్ళు. గడ్డకట్టి అడుగునే నిలిచిపోతే విషం ఉన్నట్టు. మధ్యలో ఆత్రపడి కదిపితే కట్టబోయే గడ్డ చెదిరిపోతుంది, మళ్ళీ కట్టదు. ఉన్న విషం లేనట్టు కనిపిస్తుంది. అందుకని ఆ గంటా చేతులు కట్టుకుని కూర్చోవడమే పని.

మావారు అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేవారు. ఎనభైల చివర ఆయన రెండు కిడ్నీలూ పాడైపోయాయి. బీపీ ఎన్నాళ్ళుగానో ఉంది, పట్టించుకోలేదు. వారానికి మూడు రోజులు, శని, సోమ, బుధవారాల్లో, ఒక ఆసుపత్రిలో డయాలిసిస్. ఆఫీసువాళ్ళు మంచివాళ్ళు, ఉద్యోగం తీయలేదు. కాకినాడలో ఉన్న ఆయన అక్క కిడ్నీ ఇస్తానంది. పరీక్షల్లో సరిపోయింది. మద్రాసులో ఒక పెద్ద డాక్టరు ఆగస్టులో ఆపరేషన్ చేస్తానన్నాడు. మేము అక్కడిదాకా ఆయన్ని నెట్టుకురావాలి. మా జీవితంలో అప్పుడు ఉన్న పని అదొక్కటే.

డయాలిసిస్ మొదటిరోజే మాకొక మనిషి పరిచయమయ్యాడు. ఆసుపత్రిలో పైపులు, ఏసీలు, లైట్లు చూసే మెయింటెనెన్స్ అతను. జగిత్యాల వైపు వాడు. భవనాల సైట్‌లో పనికి వచ్చి, చేతిపని బాగుందని ఆసుపత్రిలో కుదురుకున్నాడు. నర్సు సూది గుచ్చుతుంటే మావారు "అమ్మో" అన్నారట. అది విని తలుపు దగ్గర ఆగిపోయాడు.

"సార్, మనోళ్ళా?"

"మనవాళ్ళమేనయ్యా. ఏ ఊరు నీది?"

అతను చెప్పి, మా ఊరు అడిగాడు. కాకినాడ అనగానే నవ్వాడు. "అయితె గోదారి మాకు ముందుగాల వస్తది సార్, మీకు ఆఖర్ల వస్తది. మేం తానం జేసి విడిచిన నీళ్ళే మీరు తాగుడు."

"అందుకేనేమోనయ్యా నా కిడ్నీలు ఇలా తగలడ్డాయి" అన్నారు మావారు.

అప్పటినుంచి ఆయన డయాలిసిస్ ఉన్న రోజున అతను ఏదో ఒక వంకతో ఆ గదిలోకి వచ్చేవాడు. ఏసీ చూడాలనేవాడు, ట్యూబులైటు చూడాలనేవాడు. గోడకు చేరబడి కాసేపు మాట్లాడి పోయేవాడు. ఆయన రాజకీయాలు చెప్పేవారు, అతను తన గేదెల గురించి చెప్పేవాడు. మలయాళీ నర్సు ఇద్దర్నీ కసిరేది.

మే నెల దాటాక మస్కట్‌లో నీళ్ళ సంగతి అక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ట్యాంకులు మిద్దె మీద, పైపులు మిద్దె మీద. చన్నీళ్ళ కుళాయి తిప్పితే చేయి కాలుతుంది. డయాలిసిస్ మిషన్‌లో రక్తాన్ని పల్చటి పొర అవతల పారే నీళ్ళతో కడుగుతారు. ఆ ఆసుపత్రిలో ఆ నీళ్ళు శుభ్రం చేసే యంత్రాల గది ఒక చివర, డయాలిసిస్ గది ఇంకో చివర. మధ్యలో పైపు మిద్దె మీదుగా వస్తుంది. నీళ్ళు మరీ వేడిగా వస్తున్నాయని మిషన్లు మాటిమాటికీ కూతపెట్టి ఆగిపోయేవి. ఆగినప్పుడల్లా అంత సేపూ రక్తం శుభ్రం కాదు. ఆయన మిషన్ వైపు చూస్తూ పడుకునేవారు. "ఈ నీళ్ళకి ఇంత టీ పొడి వేస్తే అయిపోను, అందరం తాగేవాళ్ళం" అని నర్సుతో హిందీలో అనేవారు. జూన్ మధ్యలో ఆ కూతలు ఆగిపోయాయి. అందరూ సంతోషించారు. ఎందుకు ఆగాయని ఎవరూ అడగలేదు.

వణుకు ఆ తర్వాత మొదలైంది. మిషన్‌కు కలిపిన గంటకు పళ్ళు టకటకలాడేవి. మంచం ఊగిపోయేది. రెండు దుప్పట్లు కప్పి, నర్సు ఒకపక్క, నేను ఒకపక్క కాళ్ళు పట్టుకునేవాళ్ళం. మధ్యాహ్నానికి కాలిపోయే జ్వరం. మర్నాటికి తగ్గిపోయేది. పక్క మంచం మీది ఒమానీ పెద్దాయన కూడా వణికేవాడు. ఏసీ ఎక్కువైందని తగ్గించారు. ఏసీ తగ్గిస్తే మిగతావాళ్ళు ఉక్కపోతని గొడవ. మళ్ళీ పెంచారు.

డాక్టరు లక్నో మనిషి, ఓపికగా మాట్లాడతాడు. రక్తం పరీక్షలు చేయించాడు, ఏమీ దొరకలేదు. నీళ్ళు కూడా ల్యాబ్‌కు పంపాడు. క్రిములు పెరగలేదని రిపోర్టు వచ్చింది. చివరికి టీబీ అనుమానించి మాత్రలు మొదలుపెట్టాడు. వాటితో ఆయనకు అన్నం సహించడం మానేసింది. మద్రాసులో డాక్టరు ఫోన్లో ఖచ్చితంగా చెప్పేశాడు. జ్వరం ఎందుకొస్తోందో తేలాలి, అది తగ్గాలి, అప్పటిదాకా ఆపరేషన్ మాట ఎత్తవద్దు.

ఆగస్టు పోయింది. మా ఆడపడుచు కాకినాడ నుంచి ఫోన్ చేసేది. "ఒరేయ్ తమ్ముడూ, పెట్టె సర్దుకుని కూచున్నాన్రా. నా కిడ్నీ ఇడ్లీపిండిలాగ పులిసిపోతోంది. వస్తావా, ఇంకెవరికైనా ఇచ్చేయనా?"

"ఇంకెవరికి పనికొస్తుందే నీది, అన్నీ పేచీలే" అనేవారు ఈయన. ఫోన్ పెట్టాక గోడ వైపు తిరిగి పడుకునేవారు.

ఆ వణుకు నాకు ఎక్కడో చూసినట్టే ఉండేది. కుందేలుకు మాట రాదు కాబట్టి చెప్పలేదు కానీ, దానికి జరిగింది ఇదే అయ్యుండాలి. సూది ఎక్కిన గంటకు వేడి, మర్నాటికి మామూలు. కానీ నీళ్ళ రిపోర్టు బాగుందని కాగితం ఉంది కదా అని నన్ను నేనే ఆపుకున్నాను. ఒక బుధవారం ఆయన హాయిగా డయాలిసిస్ చేయించుకుని, కారెక్కుతూ, "బుధవారం నాకు అచ్చొచ్చింది" అన్నారు. దారిపొడుగునా ఆ మాటే ఆలోచించాను. సోమవారం ఎప్పుడైనా వణికారా? లేదు. బుధవారం? లేదు. ఎప్పుడు వణికినా శనివారమే.

శుక్రవారం డయాలిసిస్ గదికి సెలవు. గురువారం సాయంత్రం మిషన్లు ఆపితే శనివారం పొద్దుటిదాకా ఆ పైపుల్లో నీళ్ళు కదలవు. శనివారం పని అయ్యాక లైన్లలో బ్లీచింగ్ మందు ఎక్కించి కడుగుతారు. ల్యాబ్‌కు నీళ్ళు పట్టేది ఆదివారం. అంటే అన్నీ చచ్చిపోయాక పడుతున్నారు. చచ్చినవి వదిలిన విషం కూడా అప్పటికి ఆ కడగడంలో కొట్టుకుపోతుంది. శనివారం పొద్దున మావారి రక్తాన్ని కడుగుతున్న నీళ్ళను ఎవరూ చూడడం లేదు.

శనివారం పొద్దుటి నీళ్ళలో ఆ విషం ఉందేమో చూడాలని డాక్టరుకు చెప్పాను. "మీరు చేయగలరా?" అన్నాడు. మా ల్యాబ్‌లో చేస్తామన్నాను. మా మేనేజరు గోవా మనిషి. శనివారం ఎలాగూ సీసాల పరీక్ష ఉంది, మందు ఎలాగూ కలుపుతాం, ఇంకో నాలుగు గొట్టాలు పెట్టుకో అన్నాడు.

ఆ శనివారం మొదటి రోగి రాకముందే నర్సు నన్ను లోపలికి రానిచ్చింది. మావారి మంచం వెనక కుళాయి నుంచి నీళ్ళు పట్టాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆయన ఆరోజు వణికారు. అయినా డయాలిసిస్ పూర్తయ్యాక ఇంటికి వెళ్ళనన్నారు. నాతో ల్యాబ్‌కు వస్తానన్నారు. శాలువా కప్పుకుని, సెప్టెంబరు ఎండలో, జ్వరంతో వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

నేను గొట్టాలు తొట్టిలో పెట్టాను. ఒకదాంట్లో మంచి నీళ్ళు, ఒకదాంట్లో కావాలని కలిపిన విషం, మిగతా రెండింటిలో ఆసుపత్రి నీళ్ళు.

"ఇప్పుడేం చేయాలి?" అన్నారు.

"ఏం చేయకూడదు. గంటసేపు."

"ఒకసారి ఎత్తి చూడకూడదూ?"

"చూస్తే పోతుంది."

కాసేపటికి తొట్టి వైపు వంగి చూశారు. "మరయితే నీళ్ళు బాగా కాచి చల్లారిస్తే సరి కదా. మా అమ్మ చిన్నప్పుడు జ్వరమొస్తే కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప ఇచ్చేది కాదు."

"కాస్తే క్రిములు చస్తాయి. విషం చావదు. ఈ గాజు గొట్టాలు కూడా పొయ్యిలో పెట్టి రొట్టెకన్నా ఎక్కువ కాల్చాలి, అప్పుడు పోతుంది."

"చచ్చాక కూడా పగ తీర్చుకుంటాయన్నమాట." శాలువా దగ్గరకు లాక్కున్నారు. "నేను పోయాక నీకలాంటి భయమేం పెట్టుకోకు."

"మాట్లాడకుండా కూర్చోండి."

"ఆ పీతకి తెలుసా, దాని రక్తంతో నా సంగతి చూస్తున్నారని?"

"దానికి మీ సంగతెందుకు తెలుస్తుంది."

"పోనీలే. మనకి దాని సంగతి తెలిసింది కదా."

గంట అయ్యాక ఒక్కొక్క గొట్టమే తీసి తలకిందులు చేశాను. మంచి నీళ్ళు జారిపోయాయి. విషం కలిపినది నిలిచింది. ఆసుపత్రి నీళ్ళు రెండూ అడుగునే నిలిచిపోయాయి. ఆయన లేచి వచ్చి దగ్గరగా చూశారు. తెల్లటి చిన్న ముద్ద, చిటికెడు కూడా లేదు. "ఇదా?" అన్నారు.  మళ్ళీ స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. టీబీ కాదు. ఆయన ఒంట్లో ఏమీ లేదు. మద్రాసు ఇంకా ఉంది. ఇద్దరం అదే అనుకున్నామని నాకు తెలుసు.

విషం ఎక్కడ కలుస్తోందో చూడాలి. మరుసటి శనివారం మరీ పొద్దున్నే వెళ్ళి యంత్రాల గది నుంచి బయటికి వచ్చే చోట ఒక సీసా, మంచాల దగ్గర ఒక సీసా పట్టాను. ఆ ఉదయం అందరి డయాలిసిస్ ఆపి, పరీక్ష అయ్యాక పెట్టుకుందామన్నాడు డాక్టరు. యంత్రాల గది నీళ్ళు జారిపోయాయి. మంచాల దగ్గరివి గడ్డకట్టాయి. అంటే మధ్యలో. మెయింటెనెన్స్ అతన్ని పిలిచి పైపు ఎటు వస్తోందో చూపించమన్నాను. మిద్దె ఎక్కాం, దిగాం. పైపు డయాలిసిస్ గదిలోకి వెళ్ళేముందు పక్కనున్న స్నానాల గదిలోకి దూరింది. ఎవరూ వాడని గది. గోడమీద పెద్ద గీజర్. పైపు అందులోకి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి, డయాలిసిస్ గదిలోకి పోతోంది.

"ఇదేంటి?" అన్నాను.

"గీజర్ మేడం."

"గీజరని తెలుసు. నీళ్ళ లైను దీంట్లోకి ఎందుకెళ్తోంది?"

అతని ముఖం వెలిగింది. "ఇన్ని దినాలకు మీరొక్కరే అడిగిన్రు మేడం. మిద్దె మీదికెల్లి నీళ్ళు మసులుకుంట వస్తుండె. మిషిన్ మొత్తుకునుడు, సార్ అట్ల పండుకోని తక్లీఫ్ పడుడు. నాతోని సూడ వశం కాలె. రూముల మనమేం జేస్తం? ఎండకాలం గీజర్ స్విచ్ బంద్ వెట్టి, దాంట్ల నీళ్ళు చల్లగ జేస్కోని తానం జేస్తం గద. గట్లనే ఇక్కడ గూడ జేసిన. అందరు పోయినంక ఒక్కన్నే కూసోని కలిపిన. గా దినం నుంచి మిషిన్ మొత్తుకున్నదా? చెప్పుండ్రి."

"లేదు."

"మరి!"

 మా ఫ్లాట్‌లో కూడా మే నుంచి సెప్టెంబరు దాకా గీజర్ స్విచ్ ఆపే ఉంటుంది. మస్కట్‌లో అందరిళ్ళలోనూ అంతే. మిద్దె మీద కాగి వచ్చిన నీళ్ళు ఇంటి లోపలి ఆ పీపాలో నిలిచి చల్లబడతాయి. వేడినీళ్ళ కుళాయి తిప్పితే చల్లటి నీళ్ళు, చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేడినీళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదట చెప్పే సంగతి అది. స్నానానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. కానీ శుక్రవారం ఏసీ కూడా ఆపేసిన ఆ గదిలో, ఆ పీపా నిండా గోరువెచ్చటి నీళ్ళు కదలకుండా నిలబడి ఉంటే, క్రిములకు అంతకంటే మంచి ఇల్లు కూడా లేదు.

చెప్పాను. తేలిగ్గానే చెప్పడానికి ప్రయత్నించాను. అతను గీజర్ వైపు, నా వైపు చూశాడు.

"నీళ్ళు తెల్లగనే ఉన్నయి గద మేడం."

"చూస్తే తెలియదు బాబూ."

"అయితె కరెంట్ పెడ్త. సలసల మసలనిద్దం. అన్నీ సస్తయి."

"చచ్చినా పోదు."

అప్పుడు అర్థమైంది అతనికి. "సార్‌కు సలి పెడుతున్నది నా గీజర్ తోనేనా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపలే సంచీలోంచి పానా తీశాడు. ఆ మధ్యాహ్నానికి గీజర్ లేదు. కొత్త పైపు గోడ లోపలి నుంచి వేసి, మిద్దె మీద ఉన్న పైపుకు కొబ్బరిపీచు చుట్టి, దానిమీద తెల్ల గుడ్డ చుట్టాడు. ముదీర్‌కు, అంటే అతని పై అధికారికి, ఏం చెప్పాడో నాకు తెలియదు. గీజర్ సంగతి డాక్టరుకు నేను చెప్పాను, ఎవరు పెట్టారో చెప్పలేదు. ఆయన అడగలేదు. టీబీ మాత్రలు ఆపేశాడు. "ఐ యామ్ సారీ" అని ఒకసారి అన్నాడు, నాతో కాదు, మావారితో.

మరుసటి శనివారం మిషన్‌కు కలిపి గంట దాటింది. నర్సు దుప్పట్లు కాళ్ళ దగ్గర మడిచి పెట్టుకుని నిలబడి ఉంది. నేను ఆయన గడ్డం వైపే చూస్తున్నాను.

"ఏమోయ్, ఇవాళ నీకు నిరాశేనా?" అన్నారు ఆయన.

పక్క మంచం పెద్దాయన కూడా వణకలేదు. అతను దేనికో అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకుని నిద్రపోయాడు. తలుపు దగ్గర మెయింటెనెన్స్ అతను లోపలికి రాకుండా, ఆ పూటంతా అక్కడే ఏదో స్క్రూ బిగిస్తున్నట్టు కూర్చున్నాడు.

జ్వరం మళ్ళీ రాలేదు. మద్రాసు డాక్టరు దీపావళి వెళ్ళాక రమ్మన్నాడు. మా ఆడపడుచు మళ్ళీ పెట్టె సర్దింది. ఆయన మాత్రం కోలుకోలేదు. ఆ నెలల్లో తిండి సరిగా లేదు, బరువు తగ్గారు. గుండె పెద్దదైందని డాక్టరు చెప్పాడు. బీపీ వల్ల చాలాకాలంగా అవుతూ వచ్చిందన్నాడు. మెట్లు ఎక్కితే ఆయాసం. అయినా ఆయన మద్రాసుకు వెళ్ళేటప్పుడు వేసుకోవాలని కొత్త చొక్కా కొనిపించుకున్నారు.

అక్టోబరులో ఒక సోమవారం, మిషన్ మీద ఉండగా, నాతో ఏదో చెప్పబోయి ఆగిపోయారు. వణుకు లేదు, జ్వరం లేదు. గుండె ఆగిపోయింది. డాక్టర్లు చాలాసేపు ప్రయత్నించారు. నన్ను బయట కూర్చోబెట్టారు. తర్వాత నర్సు వచ్చి నా పక్కన కూర్చుంది. మూత బిగించిన ఒక సీసా నా చేతిలో పెట్టింది. ఆ మంచం వెనక కుళాయి నీళ్ళు. పట్టమని ఎవరూ ఆమెను అడగలేదు.

శవాన్ని ఇండియాకు పంపే కాగితాలు కావడానికి సమయం పట్టింది. ఆ మధ్యలో ఒక మధ్యాహ్నం నేను ఆ సీసా తీసుకుని ల్యాబ్‌కు వెళ్ళాను. మా మేనేజరు తాళం ఇచ్చాడు. గొట్టాలు పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఆ గంటలో నేను ఏం కోరుకున్నానో నాకు గుర్తుంది. గడ్డకట్టాలని కోరుకున్నాను. కట్టి ఉంటే ఒక కారణం చేతికి దొరికేది. గొట్టం తలకిందులు చేశాను. జారిపోయింది. రెండోది కూడా జారిపోయింది. నీళ్ళలో తప్పేమీ లేదు.

కాగితాలు వచ్చిన రోజు మా ఫ్లాట్‌కు తెలిసినవాళ్ళు కొందరు వచ్చారు. ఎయిర్‌పోర్టుకు ఏ బండి, ఆయన ఉన్న పెట్టె ఎవరు మోయాలి, నా వెంట విమానంలో ఎవరు వెళ్ళాలి, అన్నీ వాళ్ళే మాట్లాడుకున్నారు. మెయింటెనెన్స్ అతను కూడా డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. కుర్చీలు సర్దాడు, అందరికీ నీళ్ళిచ్చాడు. మిగతావాళ్ళు బండి మాట్లాడడానికి కిందికి వెళ్ళాక చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మేడం, ఒకటి అడగాలె."

"అడుగు."

"గా గీజర్ నేను పెట్టకుంటె, సార్ బతుకుతుండెనా?"

"ఆ రోజు నీళ్ళు నేను పరీక్ష చేశాను. మంచివే. అందులో ఏమీ లేదు."

"ఆ దినం సంగతి గాదు మేడం. ఎండకాలం సంగతి."

అతను అడిగేది అదేనని నాకు తెలుసు. కాదని చెప్పడం తేలిక. మావారయితే ఏదో హాస్యమాడి అతన్ని పంపించేవారు. నాకు అది చేతకాదు. ఆగస్టులో ఆయన మద్రాసు వెళ్ళి ఉండేవారు. ఆపరేషన్ జరిగి ఉండేది. ఆ గుండెతో తట్టుకునేవారో లేదో, అక్క కిడ్నీ ఆయన ఒంట్లో పట్టేదో లేదో, ఎవరు చెప్పగలరు? ఆ గీజర్ లేకపోతే మిషన్లు రోజూ ఆగుతూనే ఉండేవి, దానివల్ల ఏమయ్యేదో అదీ తెలియదు. మిద్దె మీద ఎండలో పైపు వేసినవాళ్ళున్నారు. కూతలు ఎందుకు ఆగాయో అడగని మేమందరం ఉన్నాం. ఇదంతా అతనికి చెప్పలేదు.

"కొన్ని నెలలు ఆలస్యమైంది" అన్నాను. "ఆ ఆలస్యం లేకపోతే బతికేవారేమో. లేకపోయినా ఇంతే అయ్యేదేమో. నాకు తెలీదు."

"మీకే తెల్వదా?"

"నాకూ తెలీదు. ఎవరికీ తెలీదు."

అతను గోడను చేత్తో పట్టుకున్నాడు. "గాదు అని ఒక్క మాట అంటె ఏమైతది మేడం."

"అంటాను. నమ్ముతావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. కింద బండి వచ్చిందని ఎవరో కేకేశారు. వస్తున్నామని చెప్పి, అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చి గోడవారగా నేలమీద కూర్చున్నాడు. ఏడవలేదు.  బండివాళ్ళు ఇంకోసారి పిలిచేదాకా అక్కడే ఉన్నాడు. నేను లేవమనలేదు.